రాణులు కట్టించిన రేవు పట్నం

ఈ రోజుల్లో మన వీధిలో ఏ నాలుగిళ్ళు తీసుకున్నా ఒక ఇంటి అమ్మాయో అబ్బాయో సముద్రాలవతల ఉండనే ఉంటున్నారు. కోడలికి పురుడనీ, మనవడి పుట్టినరోజనీ మనమూ విమానాలెక్కుతున్నాం. అలా యూరపుకో అమెరికాకో వెళ్ళేవాళ్ళలో కొందరు దారిలో ఇస్తాంబుల్‌లో విమానం మారుతుంటారు. ఆరేడు గంటలు కుర్చీలో కునికిపాట్లు పడి, ఖరీదైన కాఫీ ఒకటి తాగి, టర్కీ చూసేశామనుకుని వచ్చేస్తారు. అలా కాకుండా ముందే వీసా సంగతి చూసుకుని, ఓ నాలుగు రోజులు ఆ ఊళ్ళో ఆగి రమ్మని చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం. వీలయితే ఏప్రిల్‌లో ఆగండి. ఎందుకో చెబుతాను.

ముందు ఊరు ఎలా ఉంటుందో మనసులో కాస్త బొమ్మ గీసుకోండి. ఉత్తరాన నల్లసముద్రం, దక్షిణాన మర్మరా సముద్రం. రెండింటినీ కలుపుతూ సుమారు 30 కిలోమీటర్ల పొడవున సన్నని నీటిపాయ. అదే బాస్ఫరస్ జలసంధి. దాని పడమటి ఒడ్డు యూరపు, తూర్పు ఒడ్డు ఆసియా. బాగా ఇరుకైన చోట రెండు ఖండాలకీ మధ్య దూరం 700 మీటర్లే. రాజమండ్రి దగ్గర మన గోదావరే అంతకు మూడింతల పైన వెడల్పుంటుంది! పడమటి ఒడ్డున నేలలోకి చొచ్చుకొచ్చిన మరో పాయ ఉంది, గోల్డెన్ హార్న్ అంటారు. ఆ పాయకీ మర్మరాకీ మధ్య ముక్కులా పొడుచుకొచ్చిన నేలమీద పాతనగరం. మూడువైపులా నీళ్ళు, నాలుగోవైపు కోటగోడ. 330లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి దీన్ని రోము సామ్రాజ్యానికి రాజధాని చేశాడు. 1453లో రెండో మహమ్మద్ సుల్తాను గెలుచుకున్నాడు. 1923లో రాజధాని అంకారాకు తరలిపోయింది. అంటే దగ్గరదగ్గర 1600 ఏళ్ళు రాచనగరు. రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ మన పిల్లల చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి, వాటి జోలికి నేను పోను. ఆ పుస్తకాల్లో అంతగా కనబడనిది ఒకటుంది. స్టీమరులో కూర్చుని ఈ ఊరిని చూస్తే కంటికానే పెద్ద గుమ్మటాల్లో ఎన్నో ఆడవాళ్ళు తమ డబ్బుపెట్టి కట్టించినవి. వాళ్ళలో పలువురు పసితనంలో బానిసలుగా అమ్ముడుపోయి ఆ ఊరికి వచ్చినవాళ్ళు.

అక్కడికి వెళ్ళేముందు పూల సంగతి చెప్పాలి కదా. ఏప్రిల్‌లో ఇస్తాంబుల్‌లో ఎటు చూసినా తులిప్ పూలు. రోడ్ల మధ్య గట్లమీద, మసీదుల ముంగిళ్ళలో, పార్కుల్లో ఒకటే రంగులు. బాస్ఫరస్ ఒడ్డున ఎమిర్గాన్ అనే ఉద్యానవనం వీటికి పెట్టింది పేరు. తులిప్ అనగానే మనకి హాలెండు గుర్తొస్తుంది గాని, ఆ పువ్వు మధ్య ఆసియా కొండల్లో పుట్టి, తురుష్కుల తోటల్లో పెరిగి, పదహారో శతాబ్దంలో ఇక్కణ్ణించే యూరపుకి వెళ్ళింది. తులిప్ అన్న పేరు కూడా తలపాగా గుడ్డకి తురుష్కులు వాడే మాటలోంచి వచ్చిందే. వాళ్ళు మాత్రం పువ్వుని లాలే అంటారు. హాలెండులో ఈ దుంపల మీద బేరాలు పిచ్చిగా పెరిగి 1637లో ఒక్కసారిగా కుప్పకూలాయని అందరూ చెప్పుకుంటారు. ఇస్తాంబుల్‌లోనూ ఆ పిచ్చి వచ్చింది, అయితే వందేళ్ళ తరవాత. 1718 నుంచి 1730 దాకా సాగిన కాలానికి తులిప్ యుగమనే పేరు. సుల్తాను, మంత్రులు, పెద్దింటివాళ్ళు నీటి ఒడ్డున భవనాలు కట్టుకోవడం, కొత్తరకం పూలు పెంచడం, రాత్రుళ్ళు తోటల్లో విందులు చేసుకోవడం. తాబేళ్ళ వీపులమీద దీపాలు పెట్టి పూలమడుల మధ్య తిరగనిచ్చేవారని చెబుతారు. చూడటానికి బాగానే ఉంటుంది, ఖర్చు ఎవరిదని అడక్కూడదు గాని! అడిగినవాడు ఒకడు వచ్చాడు. పాత బట్టలమ్ముకునే పట్రోనా హలీల్ అనేవాడు 1730లో జనాన్ని కూడగట్టి తిరగబడితే, ప్రధానమంత్రి ప్రాణం పోయింది, సుల్తాను గద్దె దిగాడు.

ఏప్రిల్ ఆఖరుకి తులిప్పులు వాడిపోతుంటే ఎర్గువాన్ చెట్లు పూస్తాయి. ఆకులింకా రాకముందే కొమ్మ కొమ్మంతా ఊదా కలిసిన గులాబిరంగు. మన దేవకాంచనానికి వరసకు చుట్టమే ఈ చెట్టు. జలసంధికి రెండువైపులా కొండలమీద ఆ రంగు నీళ్ళలో పడుతుంటే చూడాలి. మా పెరటి దేవకాంచనాన్ని నేను ఎన్నడూ అంత శ్రద్ధగా చూడలేదు సుమండీ.

ఇక ఊళ్ళోకి వెళ్దాం. మీ ప్రయాణం ఎమినోను రేవు దగ్గర మొదలుపెట్టండి. గోల్డెన్ హార్న్ మీది గలతా వంతెన కొస ఇక్కడే. వంతెన పొడుగునా గాలాలు వేసుకుని చేపలు పట్టేవాళ్ళు, నువ్వులద్దిన కంకణాల్లాంటి సిమిట్ రొట్టెలమ్మేవాళ్ళు, ఆ రొట్టెముక్క కోసం నెత్తిమీద గిరికీలు కొట్టే సముద్రపు కాకులు. రేవుకెదురుగా మెట్టుమెట్టుగా గుమ్మటాలు పేర్చినట్టున్న పెద్ద మసీదు కనబడుతుంది. పేరు యెని జామి, అంటే కొత్త మసీదు. ఆ కొత్తదానికి మూడున్నర వందల ఏళ్ళు.

దీని కథ కాస్త నిదానంగా వినండి. 1597లో సఫియే సుల్తాన్ దీన్ని మొదలుపెట్టించింది. ఆవిడ అప్పటి సుల్తానుకి తల్లి. వాలిదే సుల్తాన్, అంటే రాజమాత. రాణివాసంలో ఆ పదవిని మించింది లేదు. జీతం, జాగీర్లు, లెక్కలు చూసే గుమాస్తాలు అన్నీ ఉండేవి. రేవు పక్కన నేల కావడంతో తవ్విన చోటల్లా నీళ్ళూరేవి, పునాదులు వెయ్యడమే గగనమయింది. గోడలు కొంత లేచాయోలేదో 1603లో కొడుకు చనిపోయాడు. కొడుకు పోతే రాజమాత పదవి పోయినట్టే. సఫియేని పాత రాజభవనానికి పంపేశారు, పని ఆగిపోయింది. అర్ధశతాబ్దం పైగా ఆ మొండిగోడలు రేవులో అలాగే నిలబడ్డాయి. 1660లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఆ ప్రాంతమంతా కాలిపోయాక, అప్పటి రాజమాత తుర్హాన్ సుల్తాన్ మళ్ళీ పని ఎత్తుకుంది. కొన్నేళ్ళకి మసీదు తెరిచారు.

ఎవరీ తుర్హాన్? నల్లసముద్రానికి ఉత్తరాన పుట్టి, చిన్నతనంలోనే దాడుల్లో పట్టుబడి, బానిసగా అంతఃపురం చేరిన పిల్ల. ఆమె కొడుకు 1648లో ఆరేడేళ్ళ వయసులో సుల్తాను అయ్యాడు. అప్పటికి అంతఃపురం పెత్తనమంతా నాయనమ్మ కోసెమ్‌ది. అత్తాకోడళ్ళ పోరు అని మనం నవ్వుకుంటాం గాని, ఇక్కడ అది రాజ్యం కోసం జరిగింది. 1651లో కోసెమ్‌ని చంపేశారు. చంపింది తుర్హాన్ పక్షంవాళ్ళే. ఆ తరవాత తుర్హాన్ రాజ్యవ్యవహారాలు చూసింది, డార్డనెల్స్ జలసంధి ముఖద్వారంలో రెండు కోటలు కట్టించింది, ఆ మీదట ఈ మసీదు. అందరూ పొగిడే పని వెనక ఒక బాధ కూడా ఉంది. అగ్నిప్రమాదానికి ముందు ఆ రేవు పేటలో యూదుల కుటుంబాలు తరతరాలుగా ఉండేవి. కాలిన ఇళ్ళు మళ్ళీ కట్టుకోనివ్వకుండా వాళ్ళని అక్కణ్ణించి తరలించారు. చాలామంది గోల్డెన్ హార్న్ అవతల హాస్కోయ్‌లో స్థిరపడ్డారు. మసీదులోని నీలిరంగు పలకలు చూసి ముచ్చటపడుతున్నప్పుడు ఈ సంగతీ తలుచుకోవాలి.

మసీదు కడితే సరిపోదు కదా, దీపం, నూనె, జీతాలు, మరమ్మతులు? అందుకు ఆవిడ పక్కనే బజారు కట్టించింది. ఆ దుకాణాల అద్దె మసీదు ఖర్చుకి. మన దేవాలయాలకి మాన్యాలు రాసినట్టన్నమాట. అదే ఇవాళ అందరూ వెళ్ళే సుగంధద్రవ్యాల బజారు. వాళ్ళ భాషలో మిసిర్ చార్షిసి, ఈజిప్టు బజారని అర్థం. మన మలబారు మిరియాలు ఎర్రసముద్రం మీదుగా ఈజిప్టు చేరి అక్కణ్ణించి ఈ రేవుకి వచ్చేవి. ఎనభై పైచిలుకు దుకాణాలు. మిరియాలు, దాల్చినచెక్క, ఏలకులు, కుంకుమపువ్వు చూసి మురిసిపోయి కొనకండి. మన చుట్టాల్నే మనకి రెండింతల ధరకి అంటగడతారు. అక్కడ కొనదగ్గవి వేరే ఉన్నాయి. సుమాక్ అని ఒక ఎర్రటి పులుపు పొడి, ఉల్లిపాయ ముక్కలమీద చల్లుకుంటే మహా రుచి. గింజలు తీసేసి కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిరపకారం ఒకటి, మనవాళ్ళకి మాత్రం చప్పగా ఉంటుంది. శాకాహారులు కంగారుపడక్కర్లేదు. ఎర్ర మసూరుపప్పు చారు ప్రతి హోటల్లో దొరుకుతుంది, నిమ్మకాయ పిండుకుని తాగొచ్చు. ఐరాన్ అంటే ఉప్పేసిన మన మజ్జిగే. చాయ్‌ని చాయ్ అనే అంటారు, పాలు మాత్రం పొయ్యరు.

రేవు నుంచి ట్రాములో మూడు స్టాపులు వెళ్తే సుల్తానహ్మెత్ మైదానం. ఒకప్పుడు అది రథాల పందేల మైదానం. ఎలుగుబంట్లని ఆడించేవాడి కూతురు థియోడోరా అక్కడే పెరిగింది. నాటకాల్లో వేషాలు వేసింది. అలాంటి స్త్రీని పెద్దింటివాళ్ళు పెళ్ళాడకూడదని చట్టముంటే, ఆ చట్టాన్నే మార్పించి జస్టీనియన్ ఆమెను పెళ్ళాడి చక్రవర్తిని చేసుకున్నాడు. 532లో ఊరంతా తిరగబడి సగం నగరం తగలబడుతుంటే జస్టీనియన్ ఓడెక్కి పారిపోదామన్నాడు. వద్దన్నది ఆమె. రాణిగా చస్తాను గాని పారిపోనని సభలో చెప్పిందని ఆనాటి చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. ఆ మాటతో మగవాళ్ళకి ధైర్యం వచ్చింది. వచ్చి ఏం చేశారు? మైదానం తలుపులు మూసి లోపలున్న ముప్ఫైవేల మందిని నరికేశారని ఆ ప్రొకోపియస్సే రాశాడు. అందుకే ఆ ధైర్యాన్ని పూర్తిగా మెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు. కాలిపోయిన చోట జస్టీనియన్ కట్టించిందే హగియా సోఫియా. ఆరేళ్ళు నిండకుండానే, 537కి పూర్తయింది. లోపలి స్తంభాల తలలమీద రాజు పేరు ముద్రతోపాటు రాణి పేరు ముద్రా చెక్కి ఉంది. మొదట చర్చి, 1453 తరవాత మసీదు, 1935 నుంచి మ్యూజియం, 2020 నుంచి మళ్ళీ మసీదు. విదేశీ యాత్రికుల్ని టిక్కెట్టు మీద పైఅంతస్తుకి పంపుతున్నారు. అదీ మంచిదే, ఎందుకంటే జోయి మహారాణి బొమ్మ పైనే ఉంది. పదకొండో శతాబ్దపు మొజాయిక్ చిత్రం. ఆమె మూడుసార్లు పెళ్ళాడింది. పక్కనున్న భర్త తల చెరిపి కొత్త భర్త తల అతికించారు!

ఇదే మైదానంలో 1919 మే నెలలో, పరాయి సైన్యాలు ఊరిని ఆక్రమించుకుని ఉండగా, హాలిదే ఎదీబ్ అనే రచయిత్రి వేలాది జనం ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చింది. 1935లో ఆవిడ మన దేశానికీ వచ్చి ఢిల్లీలో జామియా మిల్లియాలో ప్రసంగించింది.

హగియా సోఫియా ఎదుట కనబడే జోడు గుమ్మటాల స్నానశాల సులేమాను సుల్తాను భార్య హుర్రెమ్ పేరుమీద 1556 ప్రాంతంలో కట్టింది. ఆవిడా బానిసగా వచ్చిన పిల్లే. సుల్తానులు బానిసల్ని పెళ్ళాడే ఆచారం లేని రోజుల్లో సులేమాను ఈమెను శాస్త్రోక్తంగా పెళ్ళాడాడు. ఊళ్ళో ఆడవాళ్ళ బజారు సాగే పేటలో మసీదు, బడి, అన్నసత్రం, ఆసుపత్రి కట్టించింది. ఈ స్నానశాల చాలాకాలం తివాసీల దుకాణంగా ఉండి, 2011లో మళ్ళీ స్నానశాల అయింది.

ఇప్పుడు రేవుకి తిరిగి వచ్చి ఉస్కుదార్ వెళ్ళే స్టీమరెక్కండి. ఇరవై నిమిషాల్లో ఆసియాలో ఉంటారు. చలిగాలి ఉంటుంది, శాలువా మరిచిపోవద్దు. లోపల కూర్చోకండి, బయట బల్లమీద కూర్చుని నడుము సన్నపు గాజుగ్లాసులో చాయ్ తెప్పించుకోండి. వెనక్కి తిరిగి చూస్తే పాతనగరమంతా గుమ్మటాలూ మీనారులతో బొమ్మలకొలువులా కనిపిస్తుంది.

ఎదురుగా నీళ్ళ మధ్య చిన్న బురుజు ఉంది, కన్యాశిఖరం అంటారు. కూతురు పాముకాటుతో చస్తుందని జోస్యం విని రాజు ఆమెను నీళ్ళ నడుమ ఉంచాడట, పళ్ళబుట్టలో దాక్కుని పాము రానే వచ్చిందట. మన పరీక్షిత్తు కథ కాదూ? ఒంటిస్తంభం మేడకి బదులు బురుజు, అంతే తేడా.

ఉస్కుదార్‌లో స్టీమరు దిగగానే ఎదురుగా ఉన్న మసీదు హుర్రెమ్ కూతురు మిహ్రిమా కట్టించింది, 1548లో. కట్టినవాడు మహాశిల్పి సినాన్. ఇదే మిహ్రిమాకి అవతలి ఒడ్డున, కోటగోడ దగ్గర ఎత్తుగడ్డమీద మరో మసీదు ఉంది. మిహ్రిమా అంటే సూర్యచంద్రులని అర్థం. వసంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున ఆ మసీదు వెనక సూర్యుడు దిగుతుంటే ఈ మసీదు మీనారుల మధ్య చంద్రుడు ఉదయిస్తాడని చెబుతారు. మన ఉగాది దగ్గరి రోజులే. ఆనాడు పౌర్ణమి కూడా కలిసిరావాలి గనక ఏటా కుదిరే పని కాదు. సినాన్ ఆమెను మూగగా ప్రేమించి ఇలా కట్టాడని ఇంకో కథ. అప్పటికి ఆయనకి యాభై దాటాయి, సులేమానుకి కొలువు చేస్తున్నాడు. ఇలాంటి కథలు సినిమాలకి బాగుంటాయి. ఆమె తన ఆస్తితో తనకి కావలసినట్టు కట్టించుకుందంటే ఎందుకో ఎవరికీ కథ అనిపించదు!

మసీదుల్లోకి ఎవరైనా వెళ్ళొచ్చు. నమాజు వేళ తప్పించి వెళ్ళండి, చెప్పులు విప్పి, తలమీద నిండుగా కొంగు కప్పుకుంటే చాలు.

ఉస్కుదార్‌కి దక్షిణంగా ఒడ్డుమీద నాలుగు మూలలా బురుజులున్న పెద్ద సైనిక కట్టడం స్టీమరులోంచే కనిపిస్తుంది. చిన్నప్పుడు పాఠాల్లో దీపం పట్టుకున్న ఫ్లారెన్స్ నైటింగేల్ గురించి చదువుకున్నాం కదా, 1854 నవంబరులో 38 మంది నర్సులతో ఆవిడ దిగింది ఇక్కడే. ఆ ఊరి ఆడవాళ్ళ దగ్గర వైద్యం నేర్చుకుపోయిన మరో ఇంగ్లీషావిడ కథ నాకు ఇంకా ఇష్టం. లేడీ మేరీ మాంటేగ్యూ, రాయబారి భార్య. మశూచికం వచ్చి ఆమె అందమైన మొహం పాడయింది, తమ్ముణ్ణీ ఆ జబ్బే పొట్టన పెట్టుకుంది. ఇక్కడ ముసలమ్మలు అక్రోటు చిప్పలో మశూచికం రసి పట్టుకొచ్చి, సూదితో పిల్లల చర్మంలోకి ఎక్కించడం చూసింది. అలా చేస్తే జబ్బు తేలిగ్గా వచ్చి పోయేది. 1718 మార్చిలో తన కొడుక్కి ఒక ముసలమ్మ చేతే వేయించింది. జెన్నర్ టీకాలకి అది 78 ఏళ్ళ ముందు. మన దేశంలోనూ ఇలాంటి పద్ధతి ఉండేది.

అదే ఆసియా ఒడ్డున కొంచెం పైకి చామ్లిజా కొండ. ఎర్గువాన్లు పూసిన వేళ అక్కణ్ణించి జలసంధి మొత్తం కనిపిస్తుంది. 1914 జనవరిలో ఆ కొండమీది భవనంలో ఒక ఆడపిల్ల పుట్టింది, పేరు దుర్రుషెహ్వార్. హైదరాబాదువాళ్ళకి ఈ పేరు కొత్త కాదు, పురానీ హవేలీలో ఆమె పేర పిల్లల ఆసుపత్రి ఉంది. తండ్రి అబ్దుల్ మజీద్ చివరి ఖలీఫా, చిత్రకారుడు కూడా. స్టీమరులోంచి పడమటి ఒడ్డున తెల్లగా, పొడుగ్గా కనబడే దోల్మాబాచే రాజభవనంలో ఉండేవాళ్ళు. 1924 మార్చి 3న కొత్త ప్రభుత్వం ఖలీఫా పదవిని రద్దుచేసింది. తెల్లవారకముందే అందరినీ కార్లలో ఎక్కించి, ఊరి స్టేషనులో జనం పోగవుతారని దూరంగా చాటల్జా స్టేషనుకి తీసుకెళ్ళి రైలెక్కించారు. ఆ పిల్లకి పదేళ్ళు. పూలు పూసే రోజులొస్తుంటే ఊరు వదిలింది.

ఫ్రాన్సులో నీస్ పట్నంలో ఉన్న ఆ కుటుంబానికి మన నిజాం నెలనెలా డబ్బు పంపేవాడు. 1931 నవంబరులో నీస్‌లోనే ఆయన పెద్దకొడుకు ఆజం జాతో దుర్రుషెహ్వార్‌కి, రెండో కొడుకు మొఅజ్జం జాతో నీలోఫర్‌కి పెళ్ళయింది. నీలోఫర్ కూడా ఇస్తాంబుల్‌లో పుట్టిన పిల్లే, అదే రాజవంశపు కూతురి కూతురు. చీర కట్టుకుంటే ఆమె తరవాతే ఎవరైనా అని ఆ రోజుల్లో చెప్పుకునేవారు. ఆమెకి పిల్లలు కలగలేదు. 1949లో ఆమె దాసీ ఒకామె సరైన వైద్యం లేక పురిట్లో చనిపోయింది. ఆ దుఃఖంలోంచి వచ్చింది 1953లో తెరిచిన నీలోఫర్ ఆసుపత్రి. అప్పటికే ఆమె విడాకులు తీసుకుని పారిస్‌లో ఉంటోంది. ఇప్పటికీ రెడ్‌హిల్స్ వైపు బస్సెక్కే పేదింటి తల్లి, చంకలో జ్వరంతో ఉన్న బిడ్డనెత్తుకుని, నీలోఫర్‌కి టిక్కెట్టివ్వమంటుంది.

దుర్రుషెహ్వార్ తండ్రి 1944లో పారిస్‌లో కన్నుమూశాడు. ఇస్తాంబుల్ మట్టిలో పూడ్చనివ్వమని ఆమె ఎంత ప్రయత్నించినా టర్కీ ఒప్పుకోలేదు. పదేళ్ళు ఆ శవపేటిక పారిస్ మసీదులోనే ఉండి, 1954లో మదీనా చేరింది. ఆ వంశపు స్త్రీలని 1952లో స్వదేశం రానిచ్చారు. మగవాళ్ళకి 1974 దాకా అనుమతి లేదు. 2006లో దుర్రుషెహ్వార్ లండన్‌లో పోయారు, ఆ దేశంలోనే సమాధి చేశారు. ఆమె పెద్దకొడుకు ముకర్రం జా మాత్రం అమ్మ పుట్టిన ఊళ్ళోనే చివరి రోజులు గడిపాడు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణిస్తే, హైదరాబాదు తీసుకొచ్చి మక్కా మసీదులో సమాధి చేశారు.